గుంపులో ఉన్నారనుకొని

వాక్యభాగము: లూకా 2:41–52



క్రిస్మసు పండుగ ముగిసి, వరికోతలు తీరి, చేతిలో నాలుగు రూపాయలు ఆడు దినములలో మన గ్రామ కుటుంబములు ప్రయాణము పెట్టుకొనుట వాడుక. తెల్లవారకముందే పులిహోర కలిపి, నీళ్లు నింపుకొని, బస్సులోనో రైలులోనో సికింద్రాబాదు చేరుదుము. బంధువుల యింట దిగి, ఒకనాడు సాలార్‌జంగ్ మ్యూజియము, ఒకనాడు గోలకొండ, ఒక సాయంకాలము నాంపల్లిలో నుమాయిష్ చూచి, వీలైనచో తిరుగు దారిలో మెదకు దేవాలయమునకు పోయి వచ్చెదము.

“విశ్వాసులకు ఈ తిరుగుళ్లు తగునా?” అని కొందరు పెద్దలు మమ్మును అడుగుచుందురు. తగునని మేము చెప్పుచున్నాము. మన ప్రభువు పెరిగిన కుటుంబము ఏటేట ప్రయాణము చేసిన కుటుంబమే. అయితే ఆ కుటుంబమునకు ఒక ఏట దారిలో జరిగిన సంగతిని లూకా మన మేలుకొరకే వ్రాసియుంచెను. దానిని ఈ నెల ధ్యానింతము.

నజరేతునుండి యెరూషలేము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. సికింద్రాబాదునుండి మెదకు పోవుదానికంటె ఎక్కువ నడక. బంధువులు, ఇరుగుపొరుగువారు గుంపుగా కూడి పస్కా పండుగకు పోయి వచ్చెడివారు. యేసు పండ్రెండేండ్ల బాలుడైయుండగా అట్లే పోయిరి. పండుగ తీరినది, అందరును మరలిరి. ఆయన మాత్రము పట్టణములో నిలిచిపోయెను. ఒక దినమంతయు నడిచిన తరువాతగాని తల్లిదండ్రులు ఆయనను వెదకలేదు.

మరియ యోసేపులు బిడ్డను ప్రేమింపనివారా? కారు. మరి ఏల ఇట్లు జరిగెను? లూకా చూపు కారణము ఒక్కటే: గుంపులో ఎక్కడనో ఉన్నాడనుకొనిరి. తల్లి, “తండ్రి దగ్గర ఉండును” అనుకొనియుండవచ్చును; తండ్రి, “తల్లి దగ్గర ఉండును” అనుకొనియుండవచ్చును. మంచి కుటుంబములోనే ఇది జరిగెను గనుక మన కుటుంబములలోను జరుగగలదని గ్రహింపవలెను.

1938లో ఆరంభమైన నుమాయిష్ నేటికిని జనవరి మాసములో ఎంత రద్దీగా నుండునో మీరెరుగుదురు. అక్కడ బిడ్డ చేయి జారినచో తల్లికి ఆ నిమిషముననే గుండె గుభేలుమనును. ఇల్లంతయు ఏకమై వెదకును. అయితే మన ప్రక్కనే నడుచుచు తప్పిపోయినవారు కొందరున్నారు. వారి పేరు ఎవరును కేకవేసి పిలువరు. వారెవరు?

మొదటిది, ఇంటి తల్లి. మా సంఘములో ఒక పెద్దమ్మ ముప్పది ఏండ్లు ఆదివారపు బడిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పినది. కొంతకాలము క్రిందట ఆమె కుటుంబము సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయిరి. సామాను దగ్గర ఎవరైనను ఉండవలెను గదా యని ఆమె బయట నీడలో కూర్చుండెను. తక్కినవారు లోపలికి పోయి గంటల గడియారమును చూచిరి, పాలరాతి రెబెక్కా బొమ్మను చూచిరి. ఆ బొమ్మను ఇటలీ దేశపు శిల్పియైన బెంజోని చెక్కగా, మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చెను. ముఖముమీది ముసుగు రాయియే, ముసుగు చాటున ముఖమును రాయియే; అయినను పలుచని బట్ట చాటున ముఖము కనబడుచున్నట్లే యుండును.

తిరిగి వచ్చుచుండగా బస్సులో మనుమరాలు, “ఆ ముసుగామె ఎవరు?” అని అడిగెను. చూచివచ్చినవారిలో ఒక్కరును చెప్పలేకపోయిరి. అప్పుడు పెద్దమ్మ ఆదికాండము ఇరువది నాలుగవ అధ్యాయమంతయు చెప్పెను: బావియొద్ద దాసుడు చేసిన ప్రార్థన, రిబ్కా ఒంటెలకు నీళ్లు చేదిపోయుట, ఎన్నడు చూడని ఇంటికి ఆమె బయలుదేరుట, సాయంకాలమున పొలములో ఇస్సాకును చూచి ఒంటె దిగి ముసుగు వేసికొనుట. ముందు సీటులవారుకూడ వెనుకకు తిరిగి వినిరి. కుమారుడు అడిగెను: “అమ్మా, నువ్వు చూసినవా ఆ బొమ్మను?” “లేదు బిడ్డా, సంచుల కాడ ఉంటి గదా.”

చూడుడి ప్రియులారా! కథ తెలిసిన ఆమె సంచులయొద్ద ఉండిపోయెను. బొమ్మను చూచినవారికి కథ తెలియలేదు. ఒకే కుటుంబములో ఉభయులకును సగము సగమే దక్కినది. ఆ కుమారుడు మరుసటి నెలలో తల్లినొక్కదానినే వెంటబెట్టుకొని మరల పోయెను. ఆమె ఆ బొమ్మ యెదుట చాల సేపు నిలిచి, “ఈమె కూడ ఇల్లిడిచి దూరం వచ్చిన పిల్లనే గదయ్యా” అనెనట. నలువది ఏండ్ల క్రిందట పెండ్లియై మా గ్రామమునకు వచ్చిన స్త్రీ పలికిన మాట యది. తన తల్లి ఇల్లు విడిచి వచ్చిన సంగతి ఆ కుమారుడు అంతకుముందు ఎన్నడును తలంచియుండలేదట.

రెండవది, ప్రశ్నలడుగు బిడ్డ. మెదకు దేవాలయమును పాస్నెట్ దొరగారి నడిపింపున 1914లో కట్టనారంభించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. కరువుతో నలిగిన జనులకు ఆ కట్టడము పనియు తిండియు ఇచ్చెను. లోపల క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చూపు మూడు రంగుల అద్దపు కిటికీలున్నవి. అక్కడ ఒక బాలుడు, “నాయినా, బయటనుండి నల్లగున్నది, లోపలికొస్తే రంగులెట్ల వచ్చినయి?” అని అడుగగా తండ్రి, “నోరు మూసుకొని నడువు” అని గదిమెను. ఆ ప్రశ్నలో ఒక ప్రసంగమే యున్నది! వెలుగు వెలుపలనుండి వచ్చును. లోపల నిలిచినవానికే బొమ్మ కనబడును. ప్రొద్దు క్రుంకినచో లోపలివానికిని కనబడదు. యేసు దేవాలయములో ఏమి చేయుచు దొరికెను? బోధకుల నడుమ కూర్చుండి వినుచు, ప్రశ్నలడుగుచు దొరికెను. బోధకులు ఆయనను గదుమలేదు, ఆశ్చర్యపడిరి. ప్రశ్నలడుగు బిడ్డ నోరు మూయించువాడు బిడ్డ చేయి పట్టుకొని నడిచినను బిడ్డను పోగొట్టుకొనుచున్నాడు.

మూడవది, ఇంటియొద్ద ఉండిపోయిన ముసలివారు. మోకాళ్లు నొచ్చి రాలేనివారు, పశువులకు మేత వేయుటకు నిలిచినవారు. మనము తిరిగి వచ్చి ఒక మిఠాయి పొట్లము వారి చేతిలో పెట్టి, సెల్‌ఫోనులో నాలుగు బొమ్మలు చూపి పండుకొందుము. వారు కోరునది పొట్లము కాదు. ప్రక్కన కూర్చుండి చెప్పు మాట. బస్సు ఎక్కడ ఆగెను, ఎవరు ఏమనిరి, దేవాలయములో ఏ కీర్తన పాడిరి, ఇదంతయు వినవలెనని వారు దీపమార్పక మేలుకొనియుందురు.

లూకా ఈ కథను దేవాలయములో ముగింపలేదు. యేసు తల్లిదండ్రులతోకూడ నజరేతునకు దిగిపోయి వారికి లోబడియుండెననియు, తల్లి ఆ సంగతులన్నిటిని హృదయములో భద్రము చేసికొనెననియు చెప్పి ముగించెను. కాబట్టి ఏ ప్రయాణమైనను ఇంటికి తిరిగివచ్చిన తరువాతనే దాని ఫలము తెలియును. గోలకొండ మెట్లెక్కి దిగి, ఇంట మునుపటివలెనే ఒకరినొకరు చూడక మెలగినచో, కాళ్లు నొచ్చుట తప్ప మనకు మిగులునదేమి?

మా సంఘములో ఇప్పుడు ఒక చిన్న నియమము పెట్టుకొంటిమి. బయలుదేరకముందు ప్రార్థన చేసి, సామాను కాచు వంతులు చెప్పుకొందుము. పురుషులకును వంతు ఉన్నది. పిల్లల ప్రశ్నలకు తెలిసినంత చెప్పుదుము. తెలియనిచో తెలిసినవారిని అడుగుదుము. తిరిగివచ్చిన రాత్రి, రాలేనివారి మంచముచుట్టు కూర్చుండి కుటుంబ ప్రార్థన చేయుదుము. ఇందుకు ఖర్చేమియు లేదు. మీ ఇండ్లలోను ఇట్లు చేయుడని ప్రేమతో వేడుకొనుచున్నాము.

దారిలో బయలుదేరిన ప్రతి కుటుంబమును ప్రభువు కాపాడునుగాక. మన ప్రక్కనున్నవారిని, గుంపులో ఉన్నారనుకొని సరిపెట్టుకొనక, పేరుపెట్టి పిలుచు ప్రేమను ఆయన మనకు దయచేయునుగాక. ఆమేన్.