మూడున్నర రూపాయల వడ్డీ

మహాప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో పాపాల నుండి, అప్పుల భారం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పు గురించి ఇంతగా ఎందుకు వేడుకుంటున్నారని ఒకరు అడిగారు. అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని ఆయన (స) సెలవిచ్చారు. బుఖారీలోని ఈ హదీసు మన యువకుల ఫోన్లలో రోజూ కనిపిస్తోంది. బ్యాంకు వారి కాల్ వస్తే ఎత్తరు, ఎత్తితే రేపు కడతామంటారు, అమ్మీ అడిగితే ఏమీ లేదంటారు.

యువసోదరులారా! కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ఇళ్లకు అప్పు కొత్తది కాదు. గల్ఫ్ వీసా కోసం నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విమానం ఎక్కినవారు మన వీధుల్లోనే ఉన్నారు. అక్కడి తొలి సంపాదన ఇంటికి కాకుండా వడ్డీకే పోయింది. బీడీలు చుట్టే తల్లులకు మైక్రోఫైనాన్స్ వారపు వాయిదాలు గుర్తే. ఆ వసూళ్ల ఆగడాలు మితిమీరడంతో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఇంత చూసిన ఇంటి పిల్లవాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరగానే క్రెడిట్ కార్డు తీసుకుంటాడు. దానిపై వడ్డీ ఎంత? నెలకు మూడున్నర శాతం, కొన్నింటిపై 3.75. శాతం అంటే దాదీకి తెలియకపోవచ్చు. నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అనండి, ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. వీసా కోసం తెచ్చిన అప్పు కంటే ఇదే ఎక్కువ! ఊళ్లో వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కడానికి సిగ్గుపడే కుర్రవాడు దీన్ని జేబులో పెట్టుకుని గొప్పగా తిరుగుతున్నాడు.

లెక్క వేసి చూడండి. 40,000 రూపాయల ఫోను కొన్నారు, గడువులోగా కట్టలేకపోయారు. కనీస మొత్తం 5 శాతం, అంటే 2,000 కడితే చాలంటారు. వడ్డీ 1,400, దానిపై 18 శాతం జీఎస్టీ 252. మీరు కట్టిన రెండు వేలల్లో అసలుకు జమ అయ్యేది 348 రూపాయలే. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుండే వడ్డీ. కార్డుతో నగదు తీస్తే అసలు గడువే లేదు.

చట్టం ఆదుకుంటుందని అనుకోవద్దు. కార్డులపై ఏడాదికి 30 శాతానికి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

"నేను గడువులోగానే కడతాను కదా, వడ్డీ ఎక్కడిది?" అని కొందరు అడుగుతారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 2000లో రియాద్ సమావేశంలో దీన్ని పరిశీలించింది. ఆలస్యమైతే వడ్డీ చెల్లిస్తాననే షరతు ఉన్న కార్డు, గడువులోగా కట్టే ఉద్దేశం ఉన్నా సరే, ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. వడ్డీ తినేవానితో పాటు తినిపించేవాణ్ణి, రాసేవాణ్ణి, సాక్షులను కూడా ప్రవక్త (స) శపించారని జాబిర్ (రజి) ఉల్లేఖించారు. సంతకం పెట్టే ముందు ఆ ఫారం మీద ఏముందో చదవాలి. ఖాతాలో ఉన్నంతే ఖర్చు పెట్టనిచ్చే డెబిట్ కార్డుకు ఈ చిక్కు లేదు.

ఇప్పటికే చిక్కుకున్న కొడుకు ఉంటే తల్లిదండ్రులు తిట్టి బయటికి నెట్టవద్దు. అలా చేస్తే లోన్ యాప్ దగ్గరికి పోతాడు, 2020 చివర్లో ఆ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంలో ప్రాణాలే పోయాయి. అప్పు తీర్చే దారి లేకుండా చనిపోయినవాని జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త (స) ముందుకు రాకపోతే, ఆ బాకీ నాదని అబూ ఖతాదా (రజి) నిలబడ్డారు. ఆ పని ఇంట్లో బాబాయి, మామ బతికుండగానే చేయవచ్చు. ఖర్జె హసనా ఇవ్వండి, అల్ బఖరా సూరా ఆదేశించినట్లు గడువుతో సహా కాగితం మీద రాసుకోండి. బాకీ మొత్తం కట్టించి, కార్డు మూసివేయమని రాతపూర్వకంగా కోరండి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఏడు పనిదినాల్లో మూసివేయాలి, లేకుంటే రోజుకు 500 రూపాయలు బ్యాంకే కట్టాలి.