తోబియా కబురు పంపలేదు



ఒక ఆదివారం పూజ ముగించి వస్త్రాలు తీసి పెడుతుండగా ఒక తల్లి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. చేతిలో ఫోను. "ఫాదరుగారూ, రెండు రోజులయింది. రింగు కూడా కావడం లేదు. పూజలో కూడా దీన్నే చూస్తూ కూర్చున్నాను, దేవుడు క్షమించాలి" అంది.

కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. సెలవుల్లో కాలినడకన శాంతియాగో యాత్రకు బయలుదేరాడు. స్పెయిన్ దేశపు వాయవ్య మూలనున్న ఆ పట్టణంలో అపోస్తలుడైన పునీత యాకోబు సమాధి ఉన్నదని శ్రీసభ సంప్రదాయం. వెయ్యేళ్ళకు పైగా యాత్రికులు అక్కడికి నడుస్తున్నారు. ఫ్రాన్సు సరిహద్దునుండి మొదలుపెడితే సుమారు 800 కిలోమీటర్లు, నెల రోజులకు పైబడిన నడక. మొదటి రోజే పిరనీసు పర్వతాలు ఎక్కి దిగాలి. దారి తప్పకుండా ఈనాడు కనిపించే పసుపురంగు బాణపు గుర్తులు, ఆ దారిలోని ఓ సెబ్రెయిరో అనే కొండ గ్రామపు విచారణ గురువు ఎలియాస్ వాలీన్యా 1980లలో తన చేతులతో వేయడం మొదలుపెట్టినవి. గురువులకు అలాంటి పనులు కూడా ఉంటాయి సుమా!

ఆ తల్లితో మాట్లాడుతుంటే నాకు తోబీతు గ్రంథంలోని అన్నా గుర్తుకొచ్చింది. మన ఇళ్ళలో ఆ గ్రంథం తెరిచేవారు తక్కువ. గుడ్డివాడైన తోబీతు తన సొమ్ము తెమ్మని కొడుకు తోబియాను దూరదేశం పంపుతాడు. మనిషి రూపంలో రఫాయేలు దూత తోడు వెళతాడు, వెనకాలే వారి కుక్క. దారిలో రగూవేలు ఇంట తోబియాకు పెళ్ళి కుదురుతుంది, 14 రోజుల విందు. ఇక్కడ నీనెవెలో తండ్రి రోజులు లెక్కపెడుతున్నాడు. తల్లి బిడ్డ పోయాడనే అనుకుంది. పగలంతా దారి చూడటం, రాత్రంతా ఏడవటం.

గమనించండి. తల్లి ఏడుస్తున్న ఆ రాత్రులలో కొడుకు పెళ్ళిపందిట్లో ఉన్నాడు, పక్కనే దేవదూత ఉన్నాడు. కబురు రానంత మాత్రాన కీడు జరిగినట్లు కాదు. అయితే తోబియాను కూడా నేను పూర్తిగా విడిచిపెట్టను. నాన్న రోజులు లెక్కపెడుతుంటాడని అతనికి తెలుసు, ఆ మాట నోటితో అన్నాడు కూడా. మీ తండ్రికి కబురు పంపిస్తానని రగూవేలు అన్నది మాత్రం విందు అంతా అయిపోయాక. అదేదో మొదటి రోజే పంపి ఉంటే ఆ తల్లికి అన్ని రాత్రులు తప్పేవి గదా?

మన అబ్బాయి సంగతికి వద్దాం. సోమవారం ఫోను వచ్చింది. ముందు దిగిన వసతి గృహంలో ఛార్జరు మరచిపోయాడట. తోటి యాత్రికులు తమ ఫోను ఇస్తామన్నారట, కానీ అమ్మ నంబరు కంఠతా రాదు! అన్నీ ఫోనులోనే ఉండె. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు నాకు. మీకు మీ ఇంటివాళ్ళ నంబర్లు ఎన్ని నోటికి వచ్చు?

ఇక అతడు ఎక్కడున్నదీ గంటగంటకూ మ్యాపులో చుక్కగా కనబడే ఏర్పాటు చేయించమని ఆ తల్లి అడిగింది. వద్దమ్మా అన్నాను. ఆ చుక్క ఫోనుది, బిడ్డది కాదు. వాడు చెట్టు కింద కునుకు తీస్తే చుక్క ఆగుతుంది, ఇక్కడ నీ గుండె ఆగుతుంది. పైగా కొండల్లో సిగ్నల్ అందక ఫోను టవర్ కోసం వెతికి వెతికి ఛార్జింగు అంతా హరిస్తుంది. అందుకే నడిచేవారు దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటారు. ప్రార్థిస్తూ నడిచేవాడికి ఆ నిశ్శబ్దం కావాలి కూడా.

తల్లీకొడుకులు చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. రోజూ అక్కడ సాయంత్రం ఆరింటికి, అంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నరకు, ఒక్క సందేశం: చేరిన ఊరు, రేపు వెళ్ళే ఊరు. మాట్లాడే అవసరం లేదు. సిగ్నల్ బలహీనంగా ఉండి మాట వినబడనిచోట కూడా చిన్న సందేశం చాలాసార్లు వెళుతుంది. ఒక రాత్రి రాకపోతే మరునాటి సాయంత్రం దాకా ఓర్చుకుంటానని తల్లి మాట ఇచ్చింది. అది ఆమెకు 800 కిలోమీటర్ల కంటే కష్టమైన మాట. అతడు అమ్మ నంబరును వసతి గృహాలలో ముద్రలు వేయించుకునే యాత్రికుల పుస్తకం చివరి పేజీలో వ్రాసుకున్నాడు. దాని కిందనే ఆపదలో పిలవవలసిన 112. యూరప్ యూనియన్ దేశాలన్నిటా అదే నంబరు. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీది ఉంటే ఆ పిలుపు వెళుతుంది.

ఆ యాత్ర ముగిసేవరకు ఆమె రాత్రిళ్ళు ఫోనును తిరుహృదయ పటం ముందు పెట్టి జపమాల మొదలుపెట్టేదట. మూడో నాలుగో దేవరహస్యం దగ్గర అది మోగేది. లేచి ఊరి పేరు చదువుకుని, వచ్చి కూర్చుని, మిగిలిన పూసలు పూర్తిచేసేది. రెండు రాత్రులు మోగలేదు. ఆ రెండు రాత్రులూ జపమాల మళ్ళీ మొదటినుంచి చెప్పుకుందట.