ఇనుప ఘంటము, తాటాకు



రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత తాళపత్ర గ్రంథాలు భద్రపరచబడి ఉన్నవి. మట్టల ఆదివారం నాడు మనం చేతపట్టే పచ్చి ఆకు అలాంటి పుస్తకానికి పనికిరాదు. ఆకు కోసి, ఈనె తీసి, నీళ్లలో ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కత్తిరించేవారు. బెజ్జం వేసి త్రాటికి గ్రుచ్చి, పైనా క్రిందా చెక్కలు పెట్టి కట్టేవారు.

వ్రాయటానికి సిరా లేదు. ఎడమచేతి బొటనవ్రేలు ఊతగా ఇనుప ఘంటంతో ఆకు మీద గీయాలి. గీసినది ముందు సరిగా కనబడదు. మసి పూసి తుడిచాక గీతలో నిలిచిన నలుపే అక్షరం. గట్టిగా నొక్కితే ఆకు చిరుగుతుంది, తేలికగా గీస్తే మసి నిలువదు. ఈ ఒత్తిడి చేతికి పట్టుబడటానికే సాధన కావాలి.

పరలోక జపంలో ఒక మాట తప్పిందని బిడ్డ వీపు మీద చరిచే తండ్రులు ఉన్నారు. అసలు జపమే అడగని తండ్రులు అంతకంటె ఎక్కువ. ఆకు చిరిగినా, గీత పడకపోయినా, చదువుకొనేవానికి మిగిలేది ఏమున్నది?

మన డెల్టా తేమకు, చెదలకు తాటాకు ఎల్లకాలం నిలువదు. ప్రతి కొన్ని తరాలకూ ఎవరో ఒకరు కూర్చొని మరల వ్రాస్తేనే గ్రంథం బ్రతికింది. తిరిగి వ్రాయనివి పోయినవి.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం తీసి చూడండి. ప్రవక్త 23 ఏండ్లుగా పలికిన దైవవాక్కును బారూకు ఒక చుట్టలో వ్రాశాడు. యెహోయాకీము రాజు చలిమంట ముందు కూర్చొని, మూడు నాలుగు వరుసలు చదివించి, లేఖకుని చాకుతోనే కోసి నిప్పులో వేశాడు. చుట్టంతా కాలిపోయింది. దేవదూత వచ్చి బూడిదను గ్రంథంగా మార్చలేదు. ఇంకొక చుట్ట తీసుకొని మరల వ్రాయుమని ప్రభువు సెలవిచ్చాడు. బారూకు అలసిపోయానని మూలిగినవాడే, 45వ అధ్యాయంలో ఆ సంగతి ఉన్నది. అయినా వ్రాశాడు. మొదటి చుట్టలో లేని మాటలు కూడ రెండవ దానిలో చేరినవి.

ఈ మాట నేను మన ఇండ్లను తలచుకొని వ్రాస్తున్నాను. తల్లి కువైట్‌లో పనిచేస్తున్నది, బిడ్డలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. సాయంకాల జపం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. "ఇంకేముంది, అంతా పోయింది ఫాదర్" అంటారు. పోయినది మొదటి చుట్ట మాత్రమే.

ఫ్రాన్సిస్ పోపుగారు 2019లో, సామాన్యకాలపు 3వ ఆదివారాన్ని దైవవాక్కు ఆదివారంగా నిర్ణయించారు. ఆనాడు బైబిలుకు పూలదండ వేయటం మంచిదే. కాని దండ వేసిన పుస్తకాన్ని ఇంటికి వెళ్లి తెరవకపోతే అది అలంకారమే.

ఈ వారం ఒక పని చేయండి. నాలుగు తెల్లకాగితాలు మధ్యకు మడవండి. మడతలో దబ్బనంతో మూడు బెజ్జాలు వేసి, గట్టి దారంతో కుట్టి, లోపల ముడి వేయండి. మార్కు సువార్త మొదటి అధ్యాయం బిడ్డచేత కొంచెం, మీ చేత కొంచెం వ్రాయించండి. అమ్మమ్మకు అక్షరాలు రాకపోతే ఆమె దారం కుడుతుంది, వింటుంది. కాగితాలు అయిపోతే మరో నాలుగు కుట్టుకోండి, ఆ సువార్తలో 16 అధ్యాయాలు ఉన్నవి.