నీ ఇంట్లో ఏముంది?

ధ్యాన భాగం: 2 రాజులు 4:1–7

జనవరి నెలాఖరు. పిల్లలిద్దరూ నిద్రపోయారు. అమెరికాలో ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న ఒక తల్లి ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపే డబ్ల్యూ-2 కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. అద్దె బాకీ ఉంది, కారు రిపేరు ఉంది, క్రెడిట్ కార్డు అప్పు ఉంది. పక్క అపార్ట్‌మెంట్ ఆమెకు కిందటేడు పెద్ద టాక్స్ రీఫండ్ వచ్చిందట. తనకూ అంతే వస్తుందనుకుని, రాని డబ్బును మనసులోనే పంచేస్తోంది.

సహోదరీ, ఈ రాత్రి నీదే అయితే దైవజనుడైన ఎలీషా దగ్గర మొరపెట్టుకున్న విధవరాలిని తలచుకో. భర్త పోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి సిద్ధమయ్యాడు. దైవజనుడు ఆమెను ఇంట్లో ఏముందని అడిగాడు. కాస్త నూనె తప్ప మరేమీ లేదని ఆమె చెప్పింది. లేనిది ఉందనలేదు, ఉన్న కొంచెమూ దాచలేదు. దేవుని కార్యం ఆ నిజమైన లెక్క దగ్గరే మొదలైంది.

మన లెక్క కూడా మన ఇంట్లోంచే మొదలవ్వాలి. ఏడాదంతా ఎంత సంపాదించాను? జీతంలోంచి పన్ను ఎంత పట్టుకున్నారు? సగం ఏడాదికి పైగా నాతో ఉన్న పిల్లలెందరు? 2025లో 22,000 డాలర్లు సంపాదించి, సోషల్ సెక్యూరిటీ నంబరున్న ఇద్దరు చిన్నపిల్లలను పోషించిన తల్లినే తీసుకో. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా ఫైల్ చేస్తే 23,625 డాలర్ల వరకు ఆదాయపు పన్ను పడదు. ఎర్న్డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ 7,152 డాలర్లు వస్తుంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ బిడ్డకు 2,200 అని విని, 4,400 వస్తాయని ఆశపడతాం. కానీ కట్టాల్సిన ఆదాయపు పన్ను లేదు గనుక ఆమెకు చేతికందేది 2,500 దాటిన సంపాదనలో నూటికి 15 వంతు, అంటే 2,925 డాలర్లే. మొత్తం 10,077. జీతంలో పట్టుకున్న ఆదాయపు పన్ను దానికి కలుస్తుంది. ఆశకూ లెక్కకూ నడుమ 1,475 డాలర్ల తేడా ఉంది. ఆ తేడాను ముందే అప్పుగా తెచ్చి ఖర్చు పెట్టిన ఇల్లు ఏప్రిల్‌లో ఏడుస్తుంది.

ఆ విధవరాలు ఇరుగుపొరుగుల దగ్గర అరువు తెచ్చినవి ఖాళీ పాత్రలు. ఎవరి నూనెనూ తెచ్చుకోలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు తండ్రి దగ్గరే పెరిగిన బిడ్డను నా దగ్గరే ఉన్నట్టు రాసుకోవడం ఇంకొకరి నూనె పోసుకోవడమే. ఇల్లు ఎంత ఇరుకులో ఉన్నా ఆ పని మనకు వద్దు.

ఉన్న కాస్త నూనెతోనే ఆ పాత్రలన్నీ నిండాక కూడా ఆమె తొందరపడలేదు. మళ్లీ దైవజనుని దగ్గరికి వెళ్లి చెప్పింది. నువ్వూ తెలిసినవారిని అడుగు. తక్కువ ఆదాయం ఉన్నవారికి వీటా కేంద్రాల్లో శిక్షణ పొందిన వాలంటీర్లు ఉచితంగా ఫైల్ చేసిపెడతారు. ఈ క్రెడిట్లున్న రీఫండును ఫిబ్రవరి మధ్యలోపు విడుదల చేయకూడదని 2015 నాటి చట్టం చెబుతోంది. ఆ ఆలస్యం చూసి, దేవుడు నిన్ను మరిచిపోయాడనుకోకు.

నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో పిల్లలతో బతకమని ఎలీషా చెప్పాడు. ఆ వరసను ఈ రాత్రే కాగితం మీద రాసుకో. నూనె ఎంతని ఆమెకు ముందుగా తెలియదు. ఉన్నది ఒప్పుకుంది, చెప్పినట్టు చేసింది, తలుపు వేసుకుని పోసింది. నువ్వు దీపం కింద నిజాయితీగా వేసుకునే లెక్క కూడా, తలుపు వేసుకుని చేసే ప్రార్థనే.

నేటి ఆచరణ: చేతిలో ఉన్న కాగితాల్లోని అంకెలతోనే అంచనా వెయ్యి. డబ్బు అకౌంటులో పడేవరకు దాని మీద కొత్త అప్పు చెయ్యకు.

ప్రార్థన: విధవరాళ్లకు న్యాయం తీర్చే తండ్రీ, నా ఇంట్లో ఉన్నదేమిటో నీకు తెలుసు. దాన్ని ఉన్నదున్నట్టు చూసే ధైర్యం నాకివ్వు. పక్కింటి అంకె చూసి ఆశపడకుండా, నా అంకె చూసి కుంగిపోకుండా నన్ను కాపాడు. వచ్చినదానితో అప్పు తీర్చి, నా పిల్లలతో నెమ్మదిగా బతికే జ్ఞానం దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాను. ఆమేన్.