ఒక పెద్ద సంఖ్య, వస్తుగత సత్యం

గణితం కూడా పాలకవర్గ భావజాలంలో భాగమేననీ, మరొక సమాజంలో మరొక గణితం పుడుతుందనీ వాదించే విద్యార్థి మిత్రులు నాకు తరచు ఎదురవుతూ వుంటారు. వారి ఉత్సాహం నాకిష్టమే. ఐతే యీ వాదం భౌతికవాదానికి బలం చేకూర్చకపోగా, భావవాదానికి దొడ్డిదారి తెరుస్తుందని నా అభిప్రాయం. ఒక సంఖ్యను తీసుకొని చూద్దాం.

147573952589676412927. అరవైయేడు రెండ్లను గుణించి, ఒకటి తీసివేస్తే వచ్చేది యిది. చదరంగపు గళ్ళలో గింజలు రెట్టింపు చేస్తూ పోయిన కథ వుంది గదా, ఆ గింజల మొత్తానికి ఎనిమిది రెట్లకు కాస్త పైన. 1644 లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి యిది ప్రధానసంఖ్య అన్నాడు. అంటే యిన్ని గింజలను ఒకే బారుగా తప్ప, సమానమైన వరుసలుగా పేర్చడం సాధ్యం కాదన్నమాట. రుజువు మాత్రం యివ్వలేదు. 1876 లో లూకా అనే గణితజ్ఞుడు, ఒక సంఖ్యను వర్గం చేసి రెండు తీసివేస్తూ పోయి చివరికి శేషం సున్న అవుతుందా అని చూసే పద్ధతి కనిపెట్టాడు. సున్న కాలేదు. కనుక ప్రధానసంఖ్య కాదు. కాని దీని కారణాంకాలేవో లూకాకూ తెలియదు.

1903 అక్టోబరులో న్యూయార్కులో, అమెరికన్ గణిత సంఘం సమావేశంలో కోల్ అనే ఆచార్యుడు వాటిని చూపించాడు: 193707721, 761838257287. మాట్లాడకుండా బోర్డుమీద గుణించి చూపి కూర్చున్నాడనీ, యిందుకు మూడేళ్ళ ఆదివారాలు పట్టాయన్నాడనీ ఇ. టి. బెల్ రాశాడు. కథలో అతిశయోక్తి వుంటే వుండవచ్చు. గుణకారాన్ని మాత్రం హైస్కూలు విద్యార్థి ఐనా సరిచూడవచ్చు.

1876 కూ 1903 కూ మధ్య ఆ కారణాంకాలు ఎక్కడున్నాయి? ఎవరి మెదడులోనూ లేవు. ఐనా యీ సంఖ్య కారణాంకం ఏదైనా సరే, 134 తో భాగిస్తే ఒకటి మిగలాలని నియమం వుంది. కోల్ చూపిన చిన్న సంఖ్యలో 134 లు సరిగ్గా 1445580, పైన ఒకటి. కోల్ యిష్టానికి యిందులో చోటెక్కడ? గణిత సత్యం మనకు వెలుపల వుందని 1940 లో హార్డీ వాదించాడు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. దానికోసం వేరే లోకం వెదకనక్కరలేదు, గింజల పేర్పులోనే వుంది.

మరి వర్గం ఎక్కడుంది? ఆదివారాలలో వుంది. మెర్సెన్‌కు మఠపు తీరిక వుంది, కోల్‌కు ఆచార్య పదవి వుంది, కలుపు తీసే పిల్లకు ఆదివారమే లేదు. 2024 లో దొరికిన ప్రధానసంఖ్యలో నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలున్నాయి. అటువంటి లెక్కకు కావలసిన యంత్రాలు ఎవరి చేతుల్లో వున్నాయో అడిగితీరాలి. ఏ ప్రశ్న అడుగుతారు, ఎవరు అడుగుతారు అన్నది సమాజం తేలుస్తుంది. జవాబును తేల్చే శక్తి దానికి లేదు.

ఉందనుకున్న సందర్భం మన వైపే జరిగింది. 1948 లో మాస్కోలో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశం మెండెల్ జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని తోసివేసింది. ఆ శాస్త్రాన్ని సమర్థించి, ప్రపంచమంతటా విత్తనాలు సేకరించిన వావిలోవ్ అప్పటికి ఐదేళ్ళ క్రితమే, 1943 లో, సరాటోవ్ జైలులో చనిపోయాడు.