రెండవ పుస్తకపుచుట్ట

వాక్యభాగము: యిర్మీయా 36వ అధ్యాయము



యిర్మీయా పలుకగా బారూకు వ్రాసిన పుస్తకపుచుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోయించి కుంపటిలో కాల్పించెను. కాల్చవద్దని ముగ్గురు అధికారులు బతిమాలినను అతడు వినలేదు. చుట్ట బూడిదయ్యెను గాని మాట బూడిద కాలేదు. దేవుని ఆజ్ఞచొప్పున ప్రవక్త మరల పలికెను, బారూకు మరల వ్రాసెను. మొదటిదానిలో లేని మాటలును రెండవదానిలో చేరెను.

నేడు మన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహముల వివరములు, చందాల పద్దు అనేకచోట్ల కంప్యూటరులోనికి చేరినవి. గతించిన పెద్దలు పాడిన కీర్తనలు వారి స్వరముతోనే అందులో నిలిచియున్నవి. వీటిని దాచు హార్డ్ డిస్కు 1956లో మొదట వెలువడినప్పుడు 50 పెద్ద పళ్లెములతో బీరువాయంత యుండెను. నేడు అరచేతిలో ఇమిడిపోవుచున్నది. లోపలి పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగును. వ్రాతను చదువు హెడ్డు వాటిని తాకకుండ, వెండ్రుకకంటె ఎంతో సన్నని ఎడముతో పైని తేలుచుండును. అది తాకి గీరిన చోటనున్న వ్రాత మరల రాదు.

అయితే డిస్కు తరచుగా చెడకముందే హెచ్చరించును. టక్కుటక్కుమను శబ్దము వినబడును. ఫైలు తెరచుటకు మిక్కిలి ఆలస్యమగును. అప్పుడు మనమేమి చేయుదుము? “ఇంకొకసారి చూతము” అని మాటిమాటికి ఆపి వేయుదుము, తట్టి చూతుము, మూత విప్పి ధూళి చొరనిత్తుము. మిగిలినదానినికూడ ఈలాగే పోగొట్టుకొందుము. శబ్దము వినబడినయెడల వెంటనే ఆపి, ఆ పని తెలిసినవారియొద్దకు తీసికొనిపోవలెను. శబ్దము లేక కొన్ని ఫైళ్లు మాత్రమే తెరచుకొననియెడల, దానిమీద క్రొత్తగా ఏమియు వ్రాయక, మొదట మొత్తమును మరియొక డిస్కునకు నకలు తీయవలెను. వెదకుటయు బాగుచేయుటయు ఆ నకలులోనే జరుగవలెను. ఈ పనికి వాడబడు డీడీరెస్క్యూ అను సాధనము మంచి భాగములను ముందుగా చదివి భద్రపరచి, చెడిన చోట్లకు తరువాత తిరిగివచ్చును.

ప్రియులారా, ఈ క్రమమును ఆత్మల విషయములోను గమనింతము. ఒక సహోదరుడు ఆరాధనకు రాక సన్నగిల్లుచున్నాడనుకొందము. మనము అతని యింటికి పోయి, చెడిన చోటనే మాటిమాటికి గీరుదుము: త్రాగుడు, అప్పు, పాత తగవు. గీరినకొలది గాయము లోతగును. అతనిలో ఇంకను చెడని భాగములు లేవా? తల్లి నేర్పిన ప్రార్థన యున్నది. బిడ్డలమీద ప్రేమ యున్నది. ముందు వాటియొద్దకు పోవుదము. చెడిన చోటికి తరువాత, నెమ్మదిగా, ప్రార్థనతో తిరిగివత్తము. అతడు ఒక ఆదివారము రాకపోవుటయే మొదటి టక్కుమను శబ్దము. ఆ శబ్దము వినిన దినముననే లేచువారము కావలెను.

ఈ నెలలో రెండు పనులు చేయుదము. సంఘపు లెక్కలకు రెండు నకళ్లు తీసి, ఒకదానిని వేరొక యింట భద్రపరచుదము. సిరాతో వ్రాసిన పాత రిజిస్టరును పారవేయక దాచుదము. కనబడకపోయిన ఒక్క కుటుంబమునైనను దర్శింతము.

కాలిపోయిన చుట్టకు బదులు రెండవ చుట్టను వ్రాయించిన దేవుడు, మనలో చెరిగిపోయినదానిని మరల వ్రాయును గాక. ఆమేన్.