సెలవెవరిది?

ఏటేట వేసవి వచ్చును; ఏటేట పాఠశాలలు మూయబడును; ఏటేట తల్లిదండ్రులు ఒక్కటే మాట యనుకొందురు: "ఈ పిల్లలతో ఇన్నాళ్ళు వేగుట యెట్లు?" 2025 వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు బడులకు సెలవులిచ్చిరి. అనగా 49 దినములు. ఉదయము పది గంటలు కాకమునుపే వీథి నిప్పులు చెరుగును. రెంటచింతల, రామగుండము మున్నగు చోట్ల ఎండ 45 డిగ్రీలకు పైబడుటయు కలదు. బిడ్డ బయటికి పోరాదు, లోపల ఊరకుండలేడు. ఈ సంకటమునుండియే "పిల్లలకు కాలక్షేపము ఎట్లు కల్పింపవలెను?" అను ప్రశ్న పుట్టినది.

ఈ ప్రశ్నకు సమాధానములు బజారున కావలసినన్ని దొరకును. కాని సమాధానము వెదకుటకు ముందు ప్రశ్ననే పరీక్షింపవలసి యున్నదని మా యభిప్రాయము. "పిల్లల కాలమును మనము నింపవలెను" అనునప్పుడే ఆ కాలము మనదని యొప్పుకొన్నట్లయినది. ఖాళీకుండ కనబడినంతనే నీళ్ళు పోయుట మనకు అలవాటు. బిడ్డ దినము కుండయా? ఆ దినమునకు యజమాని యెవరు? సెలవు ఇచ్చినది ప్రభుత్వము, పుచ్చుకొన్నది బిడ్డ, నడుమ దానిని పట్టుకొని పంచిపెట్టుచున్నది మనము.

ఇప్పటి గృహములలో సెలవులు గడపు విధములు ముఖ్యముగా మూడు. మొదటిది, సెలవును రెండవ బడిగా మార్చుట. వచ్చు తరగతి పుస్తకములను ముందుగానే కొని, ట్యూషను పెట్టించి, తక్కిన గంటలను వేసవి శిబిరములకు పంచియిత్తురు. ఈత, చదరంగము, సంగీతము, చేతివ్రాత, వీనిలో ఒక్కొక్కటియు మంచిదే. కాని గంట కొట్టినట్లు ఒకదానివెంట నొకటి వచ్చినప్పుడు బిడ్డకు మిగులునది బడియే. గోడలు మాత్రమే మారినవి.

రెండవ విధము సెల్‌ఫోనును చేతికిచ్చుట. ఇది మిక్కిలి సులభము, ఇల్లు నిశ్శబ్దమగును. అయిదేండ్ల లోపు పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వ సంవత్సరమున కొన్ని నియమములు ప్రకటించినది. ఏడాది నిండని శిశువునకు తెర అసలే వలదు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదు, తగ్గినకొలది మేలు. ఆరోగ్యము మాట అట్లుండనిండు. మేము చెప్పదలచిన దోషము వేరొకటి. గవ్వలాట యెవరో ఒకరు గెలిచినప్పుడు ముగియును. వీథిలో బంతియాట చీకటిపడగానే ముగియును. కథ చివరి పుటతో ముగియును. ఫోనులోని బొమ్మల వరుసకు అట్టి ముగింపు లేదు. ఒకటి తీరకమునుపే రెండవది తనంతట తానే మొదలగును. "ఇక చాలు" అని బిడ్డ తనకు తాను చెప్పుకొనవలసిన క్షణము వానికి రానేరదు. ఆ మాట చెప్పుకొనలేనివాడు స్వతంత్రుడని మనమెట్లనగలము?

మూడవ విధము పట్టించుకొనకుండుట. "మేమెట్లు పెరిగితిమి? మమ్మెవరు ఆడించిరి?" అని పెద్దలందురు. నిజమే, ఎవరును ఆడింపలేదు. కాని వారికి అమ్మమ్మగారి ఊరుండెను. పదిమంది మేనబావలు, మేనమరదళ్ళు, పినతల్లి బిడ్డలు ఉండిరి. అరుగులుండెను, వేపచెట్టు నీడయుండెను. నేటి పట్టణపు బిడ్డకు రెండు గదులును ఒక కిటికీయును ఉన్నవి. ఇంకొక మాట. తోటలలోని మామిడికాయలను మాత్రమే జ్ఞాపకముంచుకొని చెరువులను మరచుట న్యాయము కాదు. కాలువలలో, గుంటలలో దిగి మునిగిపోయిన పిల్లల వార్త లేని వేసవి నేటికిని లేదు. స్వేచ్ఛ యను పేర అజాగ్రత్తను పొగడరాదు.

ఈ మూడు విధములలో మొదటిదానిని అవలంబించిన దోషము మాదియే గావున ఆ సంగతి దాచక చెప్పుదుము. మా యింట ఇద్దరు బిడ్డలు. కుమారునకు 11 ఏండ్లు, కూతునకు 9. ఒక వేసవిని సెలవులకు ముందే మేమొక పట్టిక వ్రాసి, గీతలు గీసి, గోడకు అంటించితిమి. ఆరు గంటలకు లేచుట, ఏడింటికి ఆసనములు, ఎనిమిదింటికి ఎక్కములు, తరువాత తెలుగు పద్యములు. పిల్లల కాలమును వృథాపోనీయని తండ్రులమని లోలోపల కొంత గర్వము కూడ కలిగెను. నాలుగవనాడు మధ్యాహ్నము కావచ్చినవేళ ఇంటికి వచ్చునప్పటికి కుమారుడు చావడిలో చదరంగపు బల్ల ముందు కూర్చుండి యుండెను. కూతురు వంటయింట గిన్నెలు తుడుచుచుండెను. "నీవెందుకమ్మా ఆడుటలేదు?" అని యడిగితిమి. "నాకు ఇదే రాశారుగా నాన్నా!" అనెను. పోయి పట్టిక చూచితిమి. పదకొండు గంటల గడిలో మా చేతివ్రాతతోనే యున్నది: "అన్నకు చదరంగము, చెల్లికి అమ్మకు సాయము."

అట్లు వ్రాయవలెనని మేము ఆలోచించి వ్రాసినది కాదు. ఆలోచింపకయే వ్రాసితిమి. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటాడిన మా చేయి ఆలోచింపనప్పుడు ఏమి వ్రాయునో ఆనాడు మాకు తెలిసినది. నూరేండ్లకు పైబడి సంస్కర్తలు పోరాడి ఆడుపిల్లకు బడి తలుపు తెరపించిరి. బడి మూసిన 49 దినములును ఆ పిల్ల తిరిగి యెక్కడికి పోవుచున్నదో మనము చూచుచున్నామా? మగపిల్లవానికి సెలవు బడినుండి. ఆడుపిల్లకు సెలవు బడినుండి వంటయింటికి. తల్లికి అసలే సెలవు లేదు. "పిల్లలను ఆడించుట" అను క్రొత్తపని కూడ ఆమె నెత్తినే పడును.

ఆ సాయంకాలము పట్టికను తీసివేసి, మీకేమి కావలెనని బిడ్డలిద్దరిని అడిగితిమి. కుమారుడు ఫోను కావలెననెను. కూతురు కొంతసేపు ఆలోచించి, "నన్నెవరూ పిలవకుండా ఒక గంట కావాలి" అనెను. బొమ్మ కాదు, మిఠాయి కాదు, శిబిరము కాదు; ఎవరును పిలువని ఒక గంట! అంత చిన్న కోరికను తీర్చుటకు మా యింట అంతవరకు చోటు లేకపోయెను.

తరువాత జరిగినది అద్భుతమేమియు కాదు. రెండు దినములు "ఏమి తోచుటలేదు" అను మాట ఇంట మారుమ్రోగెను. ఇద్దరును తగవులాడిరి, పూలకుండీ యొకటి పగిలెను. మేము పలుమారులు లేచి ఏదో ఒకటి చెప్పబోయి బలవంతముగా ఊరకుంటిమి. మూడవనాడు ప్రక్కయింటి పిల్లలిద్దరు చేరిరి. గచ్చుమీద సుద్దతో పులిజూదము గీసిరి. మూడు పులులకు చింతగింజలు, పదునైదు మేకలకు గులకరాళ్ళు తెచ్చుకొనిరి. మేకను పులి దూకి పట్టవచ్చును. పులిని మేక పట్టలేదు. కాని మేకలన్నియు కూడి దారులు మూసినచో పులి కదలలేక ఓడును. ఈ నీతిని మేము బోధింపలేదు. మూడు పందెములు ఓడిన పిమ్మట మా కూతురే కనిపెట్టి, ఇతరులకు చెప్పుచుండగా వింటిమి. రాత్రివేళ ఫోను కొరకు పేచీ మాత్రము పూర్తిగా మానలేదని కూడ ఒప్పుకొనవలెను.

దీనివలన మాకు తోచినదేమన, వినోదింపజేయుట వేరు, వినోదించుట వేరు. మొదటిదానిలో బిడ్డ ప్రేక్షకుడు; రెండవదానిలో కర్త. అష్టాచెమ్మా ఆడు పిల్లలను చూడుడు. పందెము వేయుటకంటె ఎక్కువసేపు వారు నియమములను గూర్చి వాదింతురు. గవ్వ ప్రక్కకు ఒరిగినచో లెక్కింపవలెనా, మరల వేయవలెనా? చిన్నవానికి ఒక తప్పు మన్నింపవచ్చునా? అది వారి శాసనసభ. మనము నడుమ పోయి తీర్పు చెప్పినంతనే సభ ముగియును. అట్లే "ఏమి తోచుటలేదు" అను మాటకు మనమింతగా భయపడనక్కరలేదు. అది రోగము కాదు, ఆకలివంటిది. ఆకలి వేయకమునుపే అన్నము పెట్టుచు పోయినచో బిడ్డకు ఆకలియే తెలియకుండపోవును.

కాని ఆకలికి అన్నమన్నది అందుబాటున ఉండవలెను గదా! ఏమియు లేని గదిలో బిడ్డను ఒంటరిగా ఉంచి "స్వయముగా ఆడుకొనుము" అనుట క్రౌర్యము. తీరికకు మూడు ఆధారములు కావలెను: తోడు, తావు, వస్తువు. తోడనగా ఈడుపిల్లలు, పిలిచినచో పలుకు పెద్దలు. తావనగా గీసినను చిందినను కోపపడని ఒక మూల. వస్తువనగా సుద్దముక్క, గవ్వలు, పాత బట్ట, కొన్ని పుస్తకములు. 1945లో "బాల"యు, 1947లో "చందమామ"యు వెలువడినప్పుడు మన పిల్లలకు మాసమున కొకసారి ఎదురుచూచుటకు ఏదో ఒకటి కలిగినది. ఎదురుచూచుట కూడ ఒక యానందమే. నేడు దానిని మనము బిడ్డలకు దక్కనిచ్చుటలేదు.

"ఆటవలన బుద్ధి వికసించును, కావున ఆడనిండు" అని కొందరు విద్వాంసులు మాకు సాయము వత్తురు. వారికి వందనము, కాని ఆ సాయమును మేము పూర్తిగా అంగీకరింపలేము. రేపటి లాభము కొరకే నేటి యాటను ఒప్పుకొనువారు, లాభము లేదని తేలిననాడు దానిని మాన్పింతురు. బాల్యము రాబోవు వయస్సునకు సేవకురాలు కాదు. తొమ్మిదేండ్ల బిడ్డ కాబోవు మనుష్యుడు మాత్రమే కాదు, ఇప్పుడే మనుష్యుడు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణము విశ్రాంతిని, తీరికను, ఆటను బిడ్డ హక్కులుగా పేర్కొన్నది. మన దేశము 1992లో దానికి సమ్మతించినది. హక్కనగా ఫలితము చూపి సంపాదించుకొనవలసినది కాదు.

ఇంతవరకు చెప్పినది సెలవు నిజముగా సెలవైన యిండ్ల మాట. తల్లిదండ్రులతో ఇటుకబట్టీలకు పోవు పిల్లలకు వేసవి యేమిటి? బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లు నిండని వారిని ఏ పనిలోను నియమింపరాదనిరి. మేలే. కాని ఆ చట్టముననే ఒక మినహాయింపు కలదు: ప్రమాదకరము కాని సొంత కుటుంబపు వృత్తిలో బడివేళలు ముగిసిన పిమ్మట, లేదా సెలవులలో, బిడ్డ సాయపడవచ్చును. సెలవు అను మాట చట్టమున పనివేళగా చేరినది! ఆవకాయనాడు మామిడికాయలు తుడుచుట, డాబామీది వడియములకు కాకులను తోలుట సాయమే. అందు ఆటయు కలదు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు చేయునది సాయమని యెవరనగలరు? మరియు బడి మూసినచో మధ్యాహ్న భోజనమును ఆగును. కరవుప్రాంతములందు వేసవి సెలవులలో సైతము ఆ భోజనము పెట్టవలెనని 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశింపవలసివచ్చెను. కొందరు బిడ్డలకు సెలవనగా విసుగు. కొందరికి సెలవనగా ఆకలి. మొదటిదానిని గూర్చి వ్రాయువారము రెండవదానిని మరువరాదు.

కావున కర్తవ్యమేమి? ఊరిలో: ప్రతి పాఠశాలకును ఆటస్థలమో, పుస్తకముల బీరువాయో, వేపచెట్టో ఉన్నది. వేసవి యంతయు వానికి తాళము వేయుటకంటె, ఉదయము ఆరు మొదలు తొమ్మిది వరకు, సాయంకాలము అయిదు మొదలు ఏడు వరకు తెరచి, త్రాగునీరుంచి, జీతమిచ్చి ఒక కాపరిని నియమింపవలెను. పాఠములు చెప్పనక్కరలేదు. ఆడుపిల్లలు రాదగినట్లు చూచిన చాలును. ఇంటిలో: పని బిడ్డలిద్దరికి సమముగా పంచి, దానికి హద్దు పెట్టవలెను. ఫోనునకు వేళ నిర్ణయింపవలెను. ఆ నియమము తండ్రికిని వర్తింపవలెను. ఈత నేర్పింపక నీటిదరికి పంపరాదు. ఇవన్నియు చేసిన పిమ్మట, దినములో కొంతభాగమును బిడ్డకు వదలి మనము తప్పుకొనవలెను. వీనిలో ఈ చివరిదే మిక్కిలి కష్టము.

మా కూతురు తన గంటను మెట్లక్రింది నీడలో గడపుచుండెను. ఒక్కొక్కనాడు పుస్తకముండెను, పెక్కుదినములు ఏమియు ఉండలేదు. వెల్లకిల పరుండి మెట్ల అడుగుభాగమును చూచుచుండెను. "ఏమి ఆలోచించుచున్నావు?" అని యడుగవలెనని నోటి చివరివరకు వచ్చెడిది. అడుగలేదు. ఆమె యేమి యాలోచించినదో నేటికిని మాకు తెలియదు. తెలిసికొనవలసిన యవసరమును మాకు లేదు. ఆ గంట మాది కాదు.